కుక్కకాటుకు మా ఇంటి ఆకు

మొన్న మా వీధి చివర ఒకామెను కుక్క కరిచింది. ఎంగిలాకులో అన్నం తింటున్న కుక్కను దాటుకొని పోబోయింది, అది పిక్క పట్టుకుంది. ఆమె కొడుకు పెద్ద చదువులు చదివినవాడు. పరుగెత్తుకొచ్చి అతను చేసిన పనేమిటంటే, గాయం మీద సున్నం, పసుపు కలిపి పట్టించడం. దానిమీద గుడ్డ బిగించి కట్టాడు. తర్వాత కుక్కను చంపి రమ్మని నలుగురు కుర్రవాళ్లను కర్రలిచ్చి పంపాడు. నేను వాళ్ల గుమ్మంలో నిలబడి అరిచిన అరుపులకు వీధి వీధంతా బయటికొచ్చింది. ముసలిదానికి మతి చలించిందని అనుకున్నవాళ్లు కూడా ఉంటారు. అనుకోనీ. ఆ గుడ్డ నేనే విప్పాను. కుళాయి తిప్పి, కాలు దాని కింద పెట్టించి, బట్టల సబ్బుతో పావుగంట కడిగించాను. ఆటో పిలిపించి ఆసుపత్రికి పంపాను. కుక్కను చంపొద్దు, పది రోజులు కనిపెట్టుకొని ఉండండి అని కుర్రవాళ్ల చేతిలో కర్రలు లాక్కున్నాను.

మర్నాడు ఆ కొడుకు మా ఇంటికొచ్చి, "మాకు మంచే చేసినావు పెద్దమ్మా, కానీ అంత కోపం ఎందుకు?" అని అడిగాడు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పంపాను. దానికి జవాబు నోటితో ఒక్క మాటలో చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను.

మాది ఎర్రగుంట్లకు నాలుగు మైళ్ల దూరంలో, పెన్నకు ఇవతలి ఒడ్డున ఉన్న పల్లె. మా తాత ఆ ఊరి గుడి పూజారి. మా నాన్న ఎలిమెంటరీ బడిలో అయ్యవారు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. చుట్టుపట్ల ఊళ్లలో మా తాతకు పేరు వచ్చింది పూజ వల్ల కాదు, ఆకు వల్ల. కుక్క కరిచినవాళ్లకు మా ఇంట్లో ఆకు ఇచ్చేవారు. తాతకు వాళ్ల నాన్న చెప్పిపోయిన మందు అది. ఆ ఆకు పేరు ఇంట్లో మగవాళ్లకు తప్ప ఆడవాళ్లకు చెప్పేవారు కాదు. శనివారం పొద్దు వాలాక తాత ఒక్కడే ఊరి బయట పారే వంక గట్టుకు పోయి కోసుకొచ్చేవాడు. ఆదివారం సూర్యుడు పొడవకముందే మిరియాలు, బెల్లం వేసి నూరి, ఉసిరికాయంత ఉండ చేసి, కరిపించుకున్నవాళ్ల నోట్లో తన చేత్తోనే పెట్టేవాడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదని నియమం. జమ్మలమడుగు వైపు నుంచి, అటు పులివెందుల, వేముల దాకా ఉన్న పల్లెల నుంచి శనివారం మాపటికే జనం ఎద్దుల బండ్లు కట్టుకొని వచ్చి మా వాకిట్లో విడిచేవారు. మా వాకిట్లో పరిచిన నల్ల బండల మీద పడుకొని తెల్లవారేదాకా కాచుకొని ఉండేవారు.

ఆకు తిన్నాక నలభై రోజులు పథ్యం. ఆవాల తిరగమాత తినకూడదు, దాని వాసన కూడా ముక్కుకు సోకకూడదు. అద్దంలో ముఖం చూసుకోకూడదు. ఏరు దాటకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం, ఒంటికి డాక్టరు సూది తగలకూడదు. సూది తగిలిందా, ఆకు విరిగిపోయినట్టే. తాత ఈ మాట ఎంత గట్టిగా చెప్పేవాడంటే, ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోదామని బయలుదేరినవాళ్లు కూడా మా వాకిట్లో ఆగి, బండి వెనక్కి తిప్పుకొని పోయేవారు.

ఆకు తిన్నవాళ్లలో చాలామంది బతికారు, నిజమే. ఎందుకు బతికారో నాకు పెద్దయ్యాక తెలిసింది. కరిచిన ప్రతి కుక్కకూ పిచ్చి ఉండదు. పిల్లల తల్లి కరుస్తుంది, తోక తొక్కితే కరుస్తుంది, తిండి దగ్గరికి పోతే కరుస్తుంది, చూసి పరుగెత్తితే వెంటపడి కరుస్తుంది. అట్లాంటి కుక్క కరిస్తే ఆకు తిన్నా బతుకుతారు, గడ్డి తిన్నా బతుకుతారు. బతికినవాళ్లు కొబ్బరికాయతో వచ్చి తాత కాళ్లకు మొక్కేవారు. చచ్చినవాళ్లు రారు కదా. వాళ్ల తరఫు వాళ్లు ఎప్పుడైనా వస్తే, పథ్యం ఎక్కడ తప్పారో తాత నెమ్మదిగా అడిగి తెలుసుకొని వాళ్లకే చెప్పేవాడు. వాళ్లు అవును సామీ అని తల వంచుకొని పోయేవారు. ఇది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మా ఇంట్లో మా అత్త ఉండేది. నాన్నకు అక్క. వేములలో ఇచ్చారు. ఇరవై ఏళ్లకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. నేను పుట్టినప్పుడు అమ్మకు జబ్బు చేస్తే నన్ను పెంచింది అత్తే. నాకు జడ వేసేది, నా పావడాలు కుట్టేది, నేను చెప్పే అబద్ధాలన్నీ తెలిసి కూడా అమ్మకు చెప్పేది కాదు. శానా నవ్వే మనిషి. విధవ అంత గట్టిగా నవ్వకూడదని తాత ఎన్నిసార్లు గసిరినా ఆ నవ్వు మాత్రం ఆగేది కాదు.

నాకు పన్నెండేళ్లు. ఎండాకాలం సెలవులు. ఒక శుక్రవారం పొద్దున నేను వాకిట్లో కూర్చొని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాను. ఒక కుక్క వచ్చింది. మా వీధి కుక్క కాదు. మొరగలేదు, గుర్రుమనలేదు. తల వేలాడేసుకొని, నోటి వెంట జొల్లు కారుతుంటే, ఎవరో తోలినట్టు నేరుగా నడిచి వచ్చింది. పక్కకు పోతుందిలే అనుకున్నాను. అది నా పిక్క పట్టుకుంది. పట్టుకొని వదల్లేదు.

నా కేకలకు లోపలి నుంచి అత్త వచ్చింది. కర్ర కోసం చూడలేదు, ఎవరినీ పిలవలేదు. రెండు చేతులూ దాని నోట్లో పెట్టి దవడలు విడదీసింది. అది నా కాలు వదిలి అత్త కుడిచేతిని నమిలింది. వేళ్లు, మణికట్టు, అరచెయ్యి అన్నీ చీరుకుపోయాయి. అప్పటికి పక్కింటి మగవాళ్లు వచ్చారు. దాన్ని వీధి చివరిదాకా తరిమి కొట్టి చంపి వంకలో పారేశారు. నా కాలికి నాలుగు పళ్ల గుర్తులు. అత్త చేతికి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు.

అమ్మమ్మల కాలం నుంచి చేసేదే మాకూ చేశారు. గాయాల మీద మిరపపొడి చల్లారు. మంట పుడితే విషం విరుగుతుందట. నేను మంటకు దొర్లి దొర్లి ఏడ్చాను. అత్త తన చేతిని ఒళ్లో పెట్టుకొని, రెండో చేత్తో నా కాలికి విసనకర్రతో విసురుతూ కూర్చుంది. చెంబెడు నీళ్లు, సబ్బు బిళ్ల రెండూ మాకు పది అడుగుల దూరంలో, దొడ్లో బావి గట్టు మీదే ఉన్నాయి. ఎవరికీ తోచలేదు. నాన్నకు కూడా తోచలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాలుగో తరగతి వాచకంలో పిచ్చికుక్క పాఠం ఉండేది. గాయాన్ని సబ్బుతో కడగాలి, ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవాలి అని నాన్నే ఏటా పిల్లలచేత గట్టిగా చదివించేవాడు. నేనూ ఆ బడిలోనే చదివాను. బడిలో చెప్పేది బడిలో, ఇంట్లో చేసేది ఇంట్లో. మా నాన్న మంచివాడే. ఆ మంచితనం వాళ్ల నాన్న ముందర నోరు తెరవడానికి మాత్రం పనికొచ్చేది కాదు.

ఆ సాయంత్రం ఊరి పెద్దరైతు వచ్చాడు. మమ్మల్నిద్దరినీ చూసి, కాసేపు మీసం దువ్వుకొని, తాతతో అన్నాడు.

"సామీ, ఆ కుక్క వాలకం మంచిగా ల్యా. మా జీతగాండ్లు చూసినారు. బండి కట్టిస్తా, ఒగ మాట ప్రొద్దుటూరుకు తీసకపోయి సూదులేపిద్దామా?"

తాత కండువా సర్దుకున్నాడు. "మా ఇంటోళ్లే సూదికి పోతే, రేపు మా ఆకు ఎవురు తింటారప్పా?"

పెద్దరైతు లేచి వెళ్లిపోయాడు. ఆయన పెళ్లాన్ని, ఇద్దరు పాలేర్లను అంతకుముందు మా ఆకే కాపాడిందని ఆయన నమ్మకం. అట్లాంటివాడికి కూడా ఆ రోజు అనుమానం వచ్చింది, మా తాతకు రాలేదు. లేదు, అది కూడా నిజం కాదు. తాతకూ వచ్చింది. ఎట్లా తెలుసో చెబుతాను.

ఆదివారం దాకా ఆగాం. ఆకు ఆదివారమే తినాలి కదా. రెండు రోజులు గాయాలతో అట్లాగే కూర్చున్నాం. ఆదివారం పొద్దున వాకిట్లో ఉన్నవాళ్లందరి ముందర అత్తకూ నాకూ తాత ఆకు పెట్టాడు. అయ్యోరింటోళ్లు గూడా అదే తిన్యారని జనం చెప్పుకున్నారు. అదే తాతకు కావలసింది.

ఆ రోజు మధ్యాహ్నం అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. మామగారి ఎదుట తలెత్తి మాట్లాడని మనిషి. తలెత్తకుండానే మాట్లాడింది.

"మామా, మీ ఆకును నేను కాదనల్యా. తినిపించినారు, తినింది. నా బిడ్డను మాత్రం ప్రొద్దుటూరుకు పంపీండి. పంపకపోతే నేనే నడిపించుకోని పోతా."

తాత పూజ సామాను తుడుచుకుంటూ కూర్చున్నాడు. చివరికి తలెత్తకుండానే అన్నాడు. "సెలవులు గదా. పిల్ల మేనమామ ఇంటికి పోతాంది. అంతే గదా."

అంతే. అదీ ఆయన అనుమానం. మనవరాలికి సూది వేయించడానికి ఆయన ఒప్పుకున్నాడు. ఊరికి మాత్రం తెలియకూడదు. ఏరు దాటకూడదన్న నియమం, సూది తగలకూడదన్న నియమం ఎవరెవరికో పెట్టినవాడు తన రక్తం దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకున్నాడు. కళ్లు మూసుకున్నందుకే నేను ఈ రోజు ఈ ముక్కలు రాస్తున్నాను. అందుకు ఆయనకు దణ్ణం పెట్టమంటారా?

అత్త సంగతి నాన్న ఎత్తాడు. "అక్కను గూడా తీసకపోతా" అన్నాడు, తాతతో కాదు, గోడతో. తాత పలికేలోగా అత్తే పలికింది.

"ఇద్దరం ఒగేసారి మాయమైతే ఊరికి తెలిసిపోతాది తమ్ముడా. పాపను తీసకపో. నేను ఈడ్నే ఉంటా. నన్ను చూస్తాంటే ఎవురికీ అనుమానం రాదు."

ఎవరూ కాదనలేదు. నాన్న కాదనలేదు. బిడ్డ కోసం మామగారిని ఎదిరించిన అమ్మ కూడా ఆ మాటకు నోరు మెదపలేదు. మొగుడు లేదు, పిల్లలు లేరు, ఆమెకేం జరిగినా ఎవరి కొంప మునుగుతుంది? ఈ మాట ఎవరూ పైకి అనలేదు. అనకుండానే అందరూ ఒప్పుకున్నారు. తన చెయ్యి కుక్క నోట్లో పెట్టింది నా కోసం అన్నది ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. అత్త ఎడమచేత్తో నాకు తల దువ్వి, మూట కట్టి, సోమవారం పొద్దున బస్సు దాకా వచ్చి సాగనంపింది.

ఎర్రగుంట్లలో ప్రొద్దుటూరు బస్సు ఎక్కాం. బస్సు పెన్న దాటింది. నీళ్లు లేవు, ఎండకు ఇసుక మెరుస్తున్నది. నేను భయంతో కళ్లు మూసుకున్నాను, ఏరు దాటుతున్నానని. నాన్న నా తల మీద చెయ్యి వేసి, "ఏం కాదు" అన్నాడు. ఆయనకు తెలుసు ఏం కాదని. తెలిసే అక్కను అక్కడ వదిలిపెట్టి వచ్చాడు.

ఆసుపత్రిలో సూదులు వేసేది ఒక ముసలి కాంపౌండరు. మందు నీలగిరి కొండల నుంచి వస్తుందని చెప్పాడు. నా కాలు చూడగానే ఆయన నాన్న మీద విరుచుకుపడ్డాడు.

"ఏందప్పా, బడి అయ్యవారంటివి. ఏంది ఇది, మిరప్పొడా? పుండును సబ్బు పెట్టి కడగల్ల. పారే నీళ్ల కింద పెట్టి, ఇంగ చాలనేదాకా కడగల్ల. సున్నం గాని, మిరప్పొడి గాని, పసరు గాని ఏదీ తగలగూడదు. ఎన్ని దినాలాయ కరిచి?"

"మూడు."

"మూడు దినాలు ఏం చేస్తాంటివి? కుక్క యాడుంది?"

"చంపినారు."

"బాగుండాది. కట్టేసి పది దినాలు చూసింటే పిచ్చిదో కాదో అదే చెప్పుండు. పిచ్చిదైతే పది దినాల్లోపల అదే చస్తాది." ఆయన సూదిని మరిగే నీళ్లలోంచి పట్టుకారుతో తీశాడు. నా రవిక కొంచెం పైకి జరపమన్నాడు. అప్పుడు, తల తిప్పకుండానే అడిగాడు. "ఇంకెవురినన్నా కరిచిందా అది?"

నాన్న నా వైపు చూడలేదు. "ల్యా" అన్నాడు.

నేను విన్నాను. నాకు నోరుంది. అత్త పేరు నా నాలుక చివరే ఉంది. పన్నెండేళ్ల పిల్లను, పాఠాలు అప్పజెప్పడంలో బడిలో మొదటిదాన్ని, ఆ ఒక్క మాట మాత్రం అనలేకపోయాను. సూది బొడ్డు పక్కన దిగింది. ఏడ్చాను. ఏడుస్తున్నాను కాబట్టి చెప్పలేకపోయానని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ రెండో రోజు కూడా పోయాను, మూడో రోజు కూడా పోయాను. అక్కడే మేనమామ ఇంట్లో ఉండి, రోజుకొకటి చొప్పున పద్నాలుగు రోజులు బొడ్డు చుట్టూ పొడిపించుకున్నాను. పద్నాలుగు రోజులూ ఆ కాంపౌండరు నాతో నవ్వుతూ మాట్లాడాడు, ఇంటి సంగతులు అడిగాడు. పద్నాలుగు సార్లు చెప్పే వీలు నాకు చిక్కింది. ఒక్కసారీ చెప్పలేదు. ఈ కథలో నా కోపం అంతా తాత మీద, నాన్న మీద అనుకునేవాళ్లు ఈ ముక్క ఇంకోసారి చదువుకోవాలి.

పొట్ట నిండా గడ్డలతో ఇంటికి వచ్చాను. అత్త బాగానే ఉంది. చేతి గాయాలు మాని చెక్కు కట్టాయి. నన్ను చూసి ఎప్పటిలాగే గట్టిగా నవ్వింది. పదిహేను రోజులు ఇంకోచోట తిండి తిన్న పిల్లనని, నాకిష్టమైన కందిపప్పు చేసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని ఆవాల తిరగమాత పెట్టింది. ఆమె తినలేదు. నేను తిన్నాను. తాత ఆ రోజుల్లో ఆకు కోసం వచ్చినవాళ్లకు అత్త చెయ్యి చూపించేవాడు. "నా కూతురే. చూడండి, ఎట్ల నమిలిందో. ఎట్ల మానిందో." అత్త చెయ్యి చాపి నిలబడేది.

పథ్యం నలభై రోజులు నిండడానికి రెండు మూడు రోజులు ఉందనగా, అత్త చెయ్యి గోక్కోవడం మొదలుపెట్టింది. మానిన గాయంలో చీమలు పాకినట్టు ఉందంది. మర్నాడు జ్వరం. ఆ మర్నాడు అమ్మ మంచినీళ్లు తెచ్చి ఇస్తే, చెంబు పెదాల దాకా తీసుకుపోయి, గొంతు పట్టేసినట్టు వెనక్కి విరుచుకొని చెంబు విసిరేసింది. దప్పికని ఆమే అడిగింది, నీళ్లు చూసి ఆమే వణికింది. విసనకర్రతో విసిరితే ఆ గాలికి కూడా వణికింది. ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. మా వాకిట్లో ఎందరి ఇళ్ల నుంచో ఇదే కథ విన్నవాళ్లం మేము.

నాన్న సైకిలు తీసుకొని ప్రొద్దుటూరుకు పోయాడు. ఎండలో, నోట్లో పచ్చి మంచినీళ్లు పోసుకోకుండా. సాయంత్రానికి తిరిగొచ్చి వాకిట్లో బండ మీద కూలబడ్డాడు. కాంపౌండరు ఆయన్ను గుర్తుపట్టాడట. లక్షణాలు కనబడినాక ఏ దేశంలోనూ మందు లేదన్నాడట. తర్వాత ఒకే మాట అన్నాడట. "ఆ పొద్దే అడిగితి గదప్పా." నాన్న ఈ మాట అమ్మకు చెబుతూ గోడకు తల కొట్టుకున్నాడు. నాకు జాలి కలగలేదు. ఆ తల ఆ పని నెల ముందు చేసి ఉంటే బాగుండేదనిపించింది.

అత్తను దొడ్డివైపు గదిలో పెట్టారు. నన్ను పోనివ్వలేదు. నేను కిటికీ దగ్గరికి పోయాను. మధ్యలో కాసేపు ఆమెకు తెలివి బాగానే ఉండేది.

"దగ్గరికి రావద్దు పాపా" అంది. గొంతు గీరుకుపోయి ఉంది. "నీకు పద్నాలుగూ ఏసినారా?"

"ఏసినారత్తా."

"ఒగటి గూడా తప్పలా?"

"తప్పల్యా."

"మంచిపని" అంది. కళ్లు మూసుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాకెందుకు వేయించలేదని ఒక్కసారి అడిగి ఉంటే, ఇన్నేళ్లూ ఆ కోపం మోయడానికి ఇంకో మనిషి తోడున్నట్టుండేది. అడగలేదు. మంగళవారం పొద్దున పోయింది.

పెళ్లయిన కూతురికి పుట్టింట్లో మైల మూడు రోజులే. కర్మలు చెయ్యడానికి వేముల నుంచి ఆమె మరిది వచ్చి పోయాడు. శుక్రవారం ఇల్లు కడిగి స్నానాలు చేశారు. శనివారం సాయంత్రం తాత సంచి భుజాన వేసుకొని వంక గట్టుకు పోయాడు. నేను అరుగు మీద కూర్చొని చూస్తూ ఉన్నాను. ఎవరైనా ఆపుతారేమో అని చూశాను. అమ్మ బియ్యం ఏరుకుంటున్నది. నాన్న చేతిలో పుస్తకం ఉంది, పుట తిరగలేదు.

ఆదివారం జనం తక్కువే వచ్చారు. కబురు పాకింది కదా. వచ్చినవాళ్లలో ఒకామె పులివెందుల అవతలి పల్లె నుంచి ఆరేళ్ల కూతురిని చంకనేసుకొని వచ్చింది. పిల్ల మెడ కింద కాటు, కట్టుగుడ్డకు పసుపు. ఆమె ఆకు అందుకోవడానికి ముందు జంకుతూ అడిగింది. "సామీ, మీ ఇంట్లో ఎవురో పోయినారంట గదా, ఇదే రోగంతో."

తాత ముఖంలో ఒక్క గీత కూడా మారలేదు. "పత్యం తప్పింది తల్లీ. మనవరాలొచ్చిందని ఆవాల తిరగమాత పెట్టింది. వాసన తగిలింది. అంతే. ఏం చేస్తాం." తర్వాత నన్ను పిలిచాడు. "పాపా, ఇట్ల రా. కాలు చూపించు. చూడు తల్లీ, అదే కుక్క, అదే దినం కరిచింది దీన్ని గూడా. ఇద్దరికీ ఒగే ఆకు పెడితి. ఇది పత్యం ఉండె, రాయి మాదిరి ఉండాది."

నేను పోయాను. నా కోసం చేసిన పప్పు అత్తను చంపిందట. నా కాలు ఆకుకు సాక్ష్యమట. తాత అనుకున్నట్టు పావడా ఎత్తి కాలు చూపించలేదు. ఆమె చెయ్యి పట్టుకొని, నా రవిక అంచు కింద పొట్ట మీద పెట్టుకున్నాను. ఇంకా కరగని గడ్డలు రెండు మూడు ఉన్నాయి. ఆమె వేళ్లు వాటి మీద ఆగాయి.

"ఏంది పాపా ఇవి?"

"సూదులు. పద్నాలుగు. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఏసినారు. నేను బతికింది ఆకుతో కాదు."

తాత చేతిలో ఆకు ఉండ అట్లాగే ఉంది. ఆమె నన్ను చూసింది, తాతను చూసింది, గుమ్మంలో నిలబడిన నాన్నను చూసింది. తర్వాత, నిజంగానే తెలియక అడిగింది.

"మరి మీ అత్తకు ఎందుకు ఏపించల్యా?"

నేనే చెప్పాను. "సూది ఏపిస్తే మా ఆకుకు పేరు పోతాదని."

తాత ఆ తర్వాత బతికిన తొమ్మిదేళ్లలో నాతో మాట్లాడలేదు. నాకు ఆ బాధ లేదు. అప్పటికప్పుడు కొట్టడానికి చెయ్యెత్తాడు గానీ, చేతిలో ఆకు ఉంది కాబట్టి ఆగిపోయాడు. ఆమె పిల్లను చంకకెత్తుకొని, "బస్సు యాడ ఎక్కల్ల?" అని అడిగింది. జవాబు నాన్న చెప్పాడు. చెప్పి, లోపలికి పోయి చొక్కా వేసుకొని వచ్చాడు. మొదట దొడ్లోకి తీసుకుపోయి, బావి గట్టు మీద కూర్చోబెట్టి, కట్టు విప్పి, ఆ పిల్ల మెడను సబ్బుతో తానే కడిగాడు. పిల్ల ఏడుస్తుంటే ఆయన కూడా ఏడుస్తూ, చెంబు తర్వాత చెంబు నీళ్లు పోశాడు. తర్వాత వాళ్లను వెంటబెట్టుకొని ఎర్రగుంట్ల దారి పట్టాడు.

ఆ పిల్ల బతికింది. రెండేళ్ల తర్వాత వాళ్లమ్మ జమ్మలమడుగు సంతలో నన్ను గుర్తుపట్టి, పిల్లను ముందుకు తోసి చూపించింది. నాకు సంతోషం కలిగింది, కాదనను. దాని వెనకే కోపం వచ్చింది, ఇప్పటికీ అది పోలేదు. ఆ రోజు ఇంట్లో సబ్బుంది, నీళ్లున్నాయి, ఏరు దాటించే బస్సుంది, ఆసుపత్రిలో మందుంది, తీసుకుపోయే మనిషి ఉన్నాడు. మా అత్తకూ ఇవన్నీ ఉండినాయి.